డ్రూపల్ కస్టమ్ ఫారంలో ఎడిటర్ బొమ్మలు మాయం కాకుండా: ఫైల్ యూసేజ్ లెక్క రాసే పద్ధతి

"సెట్టింగ్స్ ఫారంలో ఎడిటర్ పెట్టాం. అందులో బొమ్మ ఎక్కించాం. సాయంత్రం బాగానే కనిపించింది, తెల్లారేసరికి విరిగిన బొమ్మ గుర్తు మిగిలింది." ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. నోడ్‌లో (సైట్‌లోని మామూలు పేజీ, వార్త లాంటివి) పెట్టిన బొమ్మకు ఏమీ కాదు, మనం రాసుకున్న ఫారంలో పెట్టిందే పోతుంది. ఆ బొమ్మ వాడుకలో ఉందని, సైట్‌ను నడిపే డ్రూపల్‌కు ఎవరూ చెప్పకపోవడమే కారణం. అది ఎలా చెప్పాలో వరసగా చూద్దాం.

ఇక్కడ రాసింది డ్రూపల్ 10, 11 లకు, వాటితో వచ్చే ఎడిటర్ సీకేఎడిటర్ 5 కు వర్తిస్తుంది. సొంతంగా మాడ్యూల్ రాయడం వచ్చినవాళ్ళ కోసం. కోడ్‌లో వచ్చే పేర్లను తెలుగు లిపిలోనే ఇస్తున్నాను, అండర్‌స్కోర్ ఉన్నచోట అలాగే ఉంచాను.

ఉదాహరణగా ఒక డిగ్రీ కాలేజీ సైట్ అనుకుందాం. ముందు పేజీలో ప్రవేశాల ప్రకటన. ఆఫీసువాళ్ళే మార్చుకునేలా సెట్టింగ్స్ ఫారం, అందులో ఎడిటర్.

1. ముందు జబ్బు ఇదేనా అని తేల్చుకోండి

ఎడిటర్‌లోంచి బొమ్మ ఎక్కించగానే ఫైల్_మేనేజ్డ్ టేబుల్లో ఒక వరస చేరుతుంది. అందులో స్టేటస్ 0, అంటే తాత్కాలికం. స్టేటస్ 1 అయితే శాశ్వతం.

తాత్కాలిక ఫైలు 21600 సెకన్లు, అంటే 6 గంటలు దాటితే, ఆ తర్వాత నడిచే క్రాన్ (సైట్ వేళకు తనంతట చేసుకునే పనులు) దాన్ని తీసేస్తుంది. డ్రూపల్ మొదట పెట్టుకునే గడువు ఇది.

నోడ్, బ్లాక్ లాంటి ఫీల్డులున్న ఎంటిటీ (డ్రూపల్ ఒక వస్తువుగా దాచే సమాచారం) సేవ్ అయితే ఎడిటర్ మాడ్యూల్ ఆ పాఠ్యాన్ని చదివి, బొమ్మలు వెతికి, ఫైల్_యూసేజ్ టేబుల్లో లెక్క రాస్తుంది. కాన్ఫిగ్ (సెట్టింగ్స్ ఫారం విలువలు దాచే చోటు), స్టేట్, సొంత టేబుల్ దాని కంటికి ఆనవు.

మీ సైట్‌లో ఇవి చూడండి:

- బొమ్మ ఉన్న పాఠ్యాన్ని సోర్స్ వ్యూలో తెరవండి. ఇమేజ్ ట్యాగ్‌లో డేటా-ఎంటిటీ-టైప్ విలువ "ఫైల్" అనీ, డేటా-ఎంటిటీ-యూయూఐడీ (ఆ ఒక్క ఫైలుకే ఉండే గుర్తింపు కోడు) అనీ రెండు గుణాలూ ఉన్నాయా?
- ఆ యూయూఐడీతో ఫైల్_మేనేజ్డ్‌లో వరస ఉందా? స్టేటస్ 0 నా, 1 నా?
- ఆ ఫైలు నంబరుతో ఫైల్_యూసేజ్‌లో ఏమైనా ఉందా?

స్టేటస్ 0 ఉండి యూసేజ్ ఖాళీగా ఉంటే, లేదా ఫైలు వరసే పోయి ఉంటే, జబ్బు ఇదే. యూయూఐడీయే లేకపోతే వేరే సంగతి. ఆ బొమ్మ బయటి లింకుగా అతికించి ఉండాలి, లేదా ఆ టెక్స్ట్ ఫార్మాట్‌లోని హెచ్‌టీఎంఎల్ ఫిల్టర్ ఆ గుణాలను కొట్టేస్తూ ఉండాలి. రెండోదైతే ముందు దాన్ని సరిచేయండి.

"ట్రాక్ ఇమేజెస్ అప్‌లోడెడ్ వయా ఎ టెక్స్ట్ ఎడిటర్" అనే ఫిల్టర్‌కు టిక్ పెట్టాం కదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. పేరు చూసి మోసపోకండి. పేజీ చూపించేటప్పుడు యూయూఐడీని బట్టి సరైన చిరునామా, కొలతలు పెట్టడం వరకే దాని పని. యూసేజ్ టేబుల్లో అది అక్షరం కూడా రాయదు.

2. లైవ్ సైట్‌లో ముందు నష్టం ఆపండి

కోడ్ రాసేలోపు ఇంకో బొమ్మ పోకూడదు. ఫైల్ సిస్టమ్ సెట్టింగ్స్ పేజీలో తాత్కాలిక ఫైళ్ళ గడువును "ఎప్పుడూ తొలగించవద్దు" అనే అర్థం వచ్చే ఎంపికకు మార్చండి. డేటాబేసు, ఫైల్స్ ఫోల్డరు రెండిటికీ బ్యాకప్ తీయండి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అలా వదిలేస్తే ఎవరో ఎక్కించి సేవ్ చేయకుండా వెళ్ళిపోయిన ప్రతి ఫైలూ డిస్కులో పోగుపడుతుంది. అప్‌లోడ్ కాగానే స్టేటస్ 1 చేసేసే చిట్కా కూడా ఇలాంటిదే. ఫైలు బతుకుతుంది గానీ, ఎక్కడ వాడారో ఎవరికీ తెలియదు.

3. ఇది అసలు కాన్ఫిగ్‌లో ఉండాల్సిందేనా?

కోడ్ ముట్టుకోకముందు ఈ ప్రశ్న వేసుకుంటే కొందరికి మిగతా పనే తప్పుతుంది.

ప్రకటనను ఆఫీసువాళ్ళు వారం వారం మారుస్తారు. మీరేమో కాన్ఫిగ్‌ను గిట్‌లో పెట్టి, ప్రతి డిప్లాయ్‌కీ ఇంపోర్ట్ చేస్తారు. ఇంపోర్ట్ జరిగిన క్షణమే వాళ్ళు రాసింది పోయి మీ పాత పాఠ్యం కూర్చుంటుంది. పైగా ఆ పాఠ్యంలోని యూయూఐడీ మీ లోకల్ సైట్‌లోని ఫైలుది, లైవ్‌లో ఆ ఫైలే ఉండదు.

బొమ్మలతో కూడిన పాఠ్యం తరచూ మారేదైతే దాన్ని కంటెంట్ బ్లాక్‌గా (పాత పేరు కస్టమ్ బ్లాక్) చేయడం మేలు. అది ఫీల్డులున్న ఎంటిటీ కాబట్టి ట్రాకింగ్ ఉచితంగా వస్తుంది, రివిజన్లూ వస్తాయి. మీ ఫారంలో మిగతా సెట్టింగ్స్ మాత్రం ఉంచుకోండి.

అరుదుగా మారే పాఠ్యమో, క్లయింటు ఒకే ఫారం కావాలని పట్టుబట్టడమో, పాత మాడ్యూల్‌ను కదిలించలేకపోవడమో అయితే ముందుకు సాగండి.

4. ఫారం, స్కీమా సరిగ్గా ఉన్నాయా చూసుకోండి

ఎలిమెంట్ రకం టెక్స్ట్_ఫార్మాట్. సబ్మిట్ అయ్యాక దాని విలువ స్ట్రింగ్‌గా రాదు. "వాల్యూ", "ఫార్మాట్" అని రెండు గదులున్న యారేగా వస్తుంది. రెండూ దాచాలి. కాన్ఫిగ్ స్కీమాలో కూడా ఆ కీకి టెక్స్ట్_ఫార్మాట్ రకమే ఇవ్వండి.

- డిఫాల్ట్ వాల్యూకి దాచిన వాల్యూ, ఫార్మాట్‌కి దాచిన ఫార్మాట్ ఇచ్చారా?
- అలవ్డ్_ఫార్మాట్స్‌తో ఎడిటర్ ఉన్న ఫార్మాట్‌కే పరిమితం చేశారా? లేదంటే ఎవరో ప్లెయిన్ టెక్స్ట్‌కి మార్చి ట్యాగులన్నీ తెరమీదకు తెస్తారు.
- పేజీలో చూపించేటప్పుడు ప్రాసెస్డ్_టెక్స్ట్ రకం వాడారా? నేరుగా మార్కప్‌గా వేస్తే ఫిల్టర్లు నడవవు. క్యాప్షన్లు, అలైన్‌మెంట్ పనిచేయవు.

5. యూసేజ్ వరసకు పేర్లు ఖాయం చేసుకోండి

ఫైల్_యూసేజ్ టేబుల్లో ఐదు గదులు: ఫైలు నంబరు, మాడ్యూల్, టైప్, ఐడీ, కౌంట్. మధ్యలో మూడూ మీరే ఇవ్వాలి. ఒకసారి ఇచ్చాక మార్చకూడదు. చెరిపేటప్పుడు కూడా అవే ఇస్తేనే వరస దొరుకుతుంది.

మాడ్యూల్: మీ మాడ్యూల్ మెషీన్ పేరు. "ఎడిటర్" అని పెట్టకండి. ఎడిటర్ మాడ్యూల్ తన పేరు మీదున్న వరసల్లో టైప్ అంటే ఎంటిటీ రకమే అనుకుంటుంది. ప్రైవేట్ ఫైలు డౌన్‌లోడ్ అడిగినప్పుడు ఆ రకం ఎంటిటీని లోడ్ చేయబోయి, అలాంటిదేదీ లేక ఎర్రర్‌తో కూలుతుంది.

టైప్: మీ కాన్ఫిగ్‌ను గుర్తుపట్టే ఒక మాట. ఐడీ: ఫారంలోని ఒక్కో ఎడిటర్‌కు ఒక్కో కీ. ప్రవేశాల ప్రకటనకు ఒకటి, ఫుటర్ పాఠ్యానికి ఇంకొకటి. ఐడీ 64 అక్షరాలు దాటకూడదు. ఒకే బొమ్మ రెండు ఎడిటర్లలో ఉంటే రెండు వరసలు పడతాయి, అది సరైనదే.

అడ్మిన్‌లోని ఫైళ్ళ జాబితా నుంచి వెళ్ళే యూసేజ్ పేజీ కూడా టైప్‌ను ఎంటిటీ రకంగానే తీసుకుని వెతుకుతుంది. మీ మొదటి వరస పడగానే ఆ పేజీని తెరిచి, మీ వెర్షన్‌లో అది ఎలా ప్రవర్తిస్తోందో చూసుకోండి.

6. పాఠ్యంలోంచి యూయూఐడీలు ఏరండి

ఒక చిన్న ఫంక్షన్ రాయండి: పాఠ్యం ఇస్తే యూయూఐడీల జాబితా రావాలి. డ్రూపల్ హెచ్‌టీఎంఎల్ యుటిలిటీ క్లాసులోని లోడ్‌తో డాక్యుమెంటుగా మార్చి, ఎక్స్‌పాత్‌తో వెతకండి. షరతులు రెండు: డేటా-ఎంటిటీ-టైప్ విలువ ఫైల్ కావాలి, డేటా-ఎంటిటీ-యూయూఐడీ ఉండాలి.

- రెజెక్స్ వద్దు. గుణాల వరస మారితే పట్టు తప్పుతుంది.
- బొమ్మ చిరునామాను బట్టి ఫైలు వెతకొద్దు. సైట్ వేరే ఫోల్డర్లో ఉన్నా, చిరునామా చివర ప్రశ్నార్థకంతో ఏదైనా చేరినా దొరకదు.
- ఇమేజ్ ట్యాగ్ అని కట్టేయకుండా ఏ ట్యాగ్ అయినా సరే అనండి. పీడీఎఫ్ లింకులు ఎక్కించే అదనపు మాడ్యూల్ వాడితే ఈ గుణాలు యాంకర్ ట్యాగ్ మీద ఉండవచ్చు.
- జాబితాలో రిపీట్లు తీసేయండి. అదే బొమ్మ రెండుసార్లు ఉన్నా లెక్క ఒకటే.

ఇదే పని చేసే ఫంక్షన్ ఎడిటర్ మాడ్యూల్లో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే పేరుతో ఉంది. దాన్ని పిలవాలనిపిస్తుంది. ఆ అండర్‌స్కోర్ అర్థం "ఇది మా ఇంటి వ్యవహారం" అని. రేపు తీసేసినా మిమ్మల్ని అడగరు. పది లైన్ల పని, సొంతంగా రాసుకోండి.

7. లెక్క రాయాల్సింది ఫారంలో కాదు, సేవ్ అయ్యేచోట

అందరూ సబ్మిట్ హ్యాండ్లర్లో రాస్తారు. పనిచేస్తుంది కూడా, ఫారం నుంచి మార్చినంత కాలం. కానీ కాన్ఫిగ్‌కు దారులు చాలా: డ్రష్‌తో (డ్రూపల్ కమాండ్ లైన్ పరికరం) కాన్ఫిగ్ సెట్ చేయవచ్చు, ఇంపోర్ట్ రావచ్చు, ఇంకో మాడ్యూల్ అప్‌డేట్ ఫంక్షన్ మార్చవచ్చు. వీటిలో ఏదీ మీ సబ్మిట్ హ్యాండ్లర్ మీదుగా పోదు.

అందుకే కాన్ఫిగ్ సేవ్ ఈవెంట్‌కు ఒక సబ్‌స్క్రైబర్ (ఆ ఈవెంట్ మోగినప్పుడు నడిచే క్లాసు) రాయండి. ఏ దారిన సేవ్ అయినా ఈ ఈవెంట్ మోగుతుంది. పైగా పాత విలువను విడిగా దాచుకునే పనీ లేదు. ఈవెంట్ వచ్చేసరికి కొత్త విలువ స్టోరేజీలోకి చేరిపోయి ఉంటుంది, కానీ కాన్ఫిగ్ ఆబ్జెక్టులో గెట్‌ఒరిజినల్ ఇంకా పాతదే ఇస్తుంది. దానికి రెండో ఆర్గ్యుమెంటుగా ఫాల్స్ ఇవ్వండి. అప్పుడు సెట్టింగ్స్ ఫైల్లోని ఓవర్‌రైడ్‌లు కలవవు.

క్రమం ఇదీ:

1. కాన్ఫిగ్ పేరు మనదేనా? కాకపోతే వెంటనే తిరిగి వెళ్ళాలి. సైట్‌లో ప్రతి కాన్ఫిగ్ సేవ్‌కీ ఇది పిలవబడుతుంది.
2. పాత పాఠ్యంలోని యూయూఐడీలు ఏరండి.
3. కొత్త పాఠ్యంలోనివి ఏరండి.
4. కొత్తలో ఉండి పాతలో లేనివి: చేరినవి.
5. పాతలో ఉండి కొత్తలో లేనివి: పోయినవి.
6. చేరిన ప్రతిదానికీ ఎంటిటీ రిపాజిటరీ సర్వీసుతో యూయూఐడీ ద్వారా ఫైలు లోడ్ చేసి, ఫైల్ యూసేజ్ సర్వీసులోని యాడ్ పిలవండి.
7. పోయిన ప్రతిదానికీ అలాగే లోడ్ చేసి డిలీట్ పిలవండి.

లోడ్ చేసినప్పుడు ఏమీ రాకపోవచ్చు. ఇంకో సైట్ నుంచి సోర్సు కాపీ కొట్టి అతికించినా, ఇంపోర్ట్ వెంట వేరే సైట్ యూయూఐడీ వచ్చినా అంతే. అప్పుడు ఎక్సెప్షన్ విసరకండి, లాగ్‌లో రాసి ముందుకు వెళ్ళండి. సేవ్ ఇప్పటికే జరిగిపోయింది, ఇప్పుడు పడగొట్టి లాభం లేదు.

ఫైలును విడిగా శాశ్వతం చేయనక్కర్లేదు. యాడ్ పిలవగానే స్టేటస్ 1 చేసి సేవ్ చేసే పని ఆ సర్వీసే చూసుకుంటుంది.

8. ఒక మార్పును టేబుల్లో చూద్దాం

ప్రకటనలో రెండు బొమ్మలున్నాయి: కాలేజీ భవనం, ఫీజుల పట్టిక. టేబుల్లో రెండు వరసలు, రెండిటి కౌంట్ 1. ఆఫీసులో ఫీజుల పట్టిక తీసేసి కొత్త షెడ్యూలు బొమ్మ పెట్టి సేవ్ కొట్టారు.

చేరింది షెడ్యూలు: కొత్త వరస, కౌంట్ 1. పోయింది ఫీజుల పట్టిక: దాని వరస చెరిగింది. భవనం రెండువైపులా ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోలేదు, కౌంట్ 1 గానే ఉంది.

తేడా తీయకుండా సేవ్ కొట్టిన ప్రతిసారీ అన్నిటికీ యాడ్ పిలిస్తే భవనం కౌంట్ 2, 3, 4 అంటూ పెరుగుతుంది. తీసేసిన రోజు డిలీట్ ఒకటే తగ్గిస్తుంది. ఆ వరస ఇక ఎన్నటికీ సున్నాకు రాదు. నోడ్లకు కౌంట్ ఒకటి దాటి కనిపిస్తే కంగారుపడకండి. అక్కడ రివిజన్ల వల్ల అలా పెరుగుతుంది. మన కాన్ఫిగ్‌కు రివిజన్లు లేవు, కాబట్టి 1 ఉండాలి లేదా వరసే ఉండకూడదు.

మరి ఫీజుల పట్టిక ఫైలు ఏమైంది? డిస్కులోనే ఉంది, స్టేటస్ 1 తోనే. ఇది మీ కోడ్ లోపం కాదు. డ్రూపల్ 8.4 నుంచి వాడుక సున్నా అయిన ఫైలును తాత్కాలికంగా మార్చడం డిఫాల్ట్‌గా ఆపేశారు. లెక్కల్లో తప్పుల వల్ల వాడుకలో ఉన్న ఫైళ్ళే పోవడమే అందుకు కారణం. ఫైల్ సెట్టింగ్స్ కాన్ఫిగ్‌లో మేక్_అన్‌యూజ్డ్_మేనేజ్డ్_ఫైల్స్_టెంపరరీ అనే విలువతో దాన్ని మళ్ళీ తెరవవచ్చు, కానీ నా సలహా తెరవొద్దనే. డిస్కు నిండితే ఇంకొంచెం కొనుక్కోవచ్చు.

9. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఉన్న సైట్ అయితే

కాన్ఫిగ్ ట్రాన్స్‌లేషన్ వాడి ప్రకటనను తెలుగులోకి మార్చారనుకోండి. తెలుగు పాఠ్యం అసలు కాన్ఫిగ్‌లో ఉండదు, లాంగ్వేజ్ ఓవర్‌రైడ్‌గా విడిగా ఉంటుంది. అది సేవ్ అయినప్పుడు కాన్ఫిగ్ సేవ్ ఈవెంట్ మోగదు. ఇంగ్లిష్ పేజీలో బొమ్మ నిలుస్తుంది, తెలుగు పేజీలో పోతుంది.

లాంగ్వేజ్ మాడ్యూల్‌కు సేవ్_ఓవర్‌రైడ్, డిలీట్_ఓవర్‌రైడ్ అని సొంత ఈవెంట్లున్నాయి. ఒకే సబ్‌స్క్రైబర్లో వాటినీ చేర్చండి. ఐడీకి చివర భాష కోడ్ తగిలించండి. తెలుగు పేజీలోంచి బొమ్మ తీస్తే ఇంగ్లిష్ పేజీ లెక్క చెడకూడదు.

10. ప్రైవేట్ ఫైళ్ళు, మీడియా లైబ్రరీ

ఎడిటర్ అప్‌లోడ్‌లు ప్రైవేట్ స్టోరేజీకి వెళ్ళేలా పెట్టి ఉంటే ఒక వింత ఎదురవుతుంది. ట్రాకింగ్ లేనప్పుడు ఎక్కించినవాళ్ళకైనా బొమ్మ కనిపించేది. ట్రాకింగ్ పెట్టాక వాళ్ళకీ కనిపించదు! తాత్కాలిక ఫైలును ఎక్కించినవాళ్ళు చూడవచ్చని డ్రూపల్ వెసులుబాటు ఇస్తుంది. శాశ్వతమయ్యాక మాత్రం, ఏ ఫీల్డూ దాన్ని వాడకపోతే, ఏదో ఒక మాడ్యూల్ ఫైల్ డౌన్‌లోడ్ హుక్‌లో హెడర్లు ఇవ్వాలి. ఎవరూ ఇవ్వకపోతే 403.

ముందు పేజీ ప్రకటనకు ప్రైవేట్ స్టోరేజీ అవసరం లేదు. ఆ టెక్స్ట్ ఫార్మాట్ అప్‌లోడ్ సెట్టింగ్స్‌లో పబ్లిక్ ఎంచుకోండి. తప్పదనుకుంటే ఆ హుక్ రాసి, ఫైలుకు మీ మాడ్యూల్ పేరున యూసేజ్ ఉందో లేదో, చూసేవాళ్ళకు అనుమతి ఉందో లేదో చూసి హెడర్లు ఇవ్వండి.

మీడియా లైబ్రరీ నుంచి చొప్పించినవి వేరు. వాటి ట్యాగ్‌లో డేటా-ఎంటిటీ-టైప్ "మీడియా" అని ఉంటుంది. అసలు ఫైలును మీడియా ఎంటిటీ తన ఫీల్డుతో పట్టి ఉంచుతుంది కాబట్టి క్రాన్ దాని జోలికి రాదు.

11. పాత పాఠ్యాన్ని లెక్కలోకి ఎక్కించండి

ఇది మరిచిపోతే పైన చేసినదంతా సగమే. తేడా పద్ధతి కొత్తగా చేరిన బొమ్మలనే చూస్తుంది. ఇప్పటికే పాఠ్యంలో ఉన్నవి రెండువైపులా ఉంటాయి, కాబట్టి ఎన్నిసార్లు సేవ్ కొట్టినా వాటికి వరస పడదు.

ఒక పోస్ట్ అప్‌డేట్ ఫంక్షన్ (మాడ్యూల్ అప్‌డేట్లు నడిపినప్పుడు ఒకసారి నడిచేది) రాయండి:

- ప్రతి కీలోని పాఠ్యం చదివి యూయూఐడీలు ఏరాలి, భాషా ఓవర్‌రైడ్‌లతో సహా.
- ఫైలు దొరికితే లిస్ట్‌యూసేజ్‌లో మన మాడ్యూల్, టైప్, ఐడీ కింద ఇప్పటికే ఉందా చూడాలి. లేకపోతేనే యాడ్.
- ఫైలు దొరకకపోతే ఏ కీలో, ఏ యూయూఐడీయో లాగ్‌లో రాయాలి. ఆ బొమ్మలు మళ్ళీ ఎక్కించక తప్పదు. బ్యాకప్‌లో ఉంటే అక్కడి నుంచి తెచ్చుకోండి.

అన్‌ఇన్‌స్టాల్ హుక్‌లో దీనికి తిరగేసిన పని: అన్ని కీలూ చదివి డిలీట్ పిలవాలి. ఆ హుక్ నడిచేటప్పటికి మాడ్యూల్ కాన్ఫిగ్ ఇంకా ఉంటుంది కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. ఇది రాయకపోతే లేని మాడ్యూల్ పేరున వరసలు టేబుల్లో ఉండిపోతాయి.

12. పరీక్షలు

లోకల్‌లో డ్రష్‌తో తాత్కాలిక గడువును 60 సెకన్లకు తగ్గించండి. అడ్మిన్ పేజీలో అంత తక్కువ ఎంపిక ఉండదు. తర్వాత వరసగా:

- బొమ్మ ఎక్కించి సేవ్. స్టేటస్ 1, కౌంట్ 1.
- ఏమీ మార్చకుండా మళ్ళీ మళ్ళీ సేవ్. కౌంట్ 1 దాటకూడదు.
- అదే బొమ్మను పాఠ్యంలో ఇంకోచోట అతికించి సేవ్. కౌంట్ 1.
- ఒక్కదాన్ని తీసి సేవ్. వరస ఉండాలి. రెండోదీ తీసి సేవ్. వరస పోవాలి.
- బొమ్మ ఎక్కించి, సేవ్ కొట్టకుండా పేజీ మూసేయండి. గడువు దాటాక క్రాన్ నడపండి. ఆ ఫైలు పోవాలి. పోకపోతే ఎక్కడో ముందుగానే శాశ్వతం చేసేస్తున్నారు.
- తెలుగు పేజీకి వేరే బొమ్మతో ఇవన్నీ మళ్ళీ.
- లాగిన్ లేని విండోలో పేజీ. క్యాష్ ఖాళీ చేసి చూడండి, బ్రౌజరు దాచుకున్న బొమ్మను చూసి పాసయిందనుకోవద్దు.

అన్నీ సరిపోతే లైవ్‌కు పంపి, పోస్ట్ అప్‌డేట్ నడపండి. దొరకని ఫైళ్ళ లాగ్ చదవండి, వాటిని సరిచేయండి. రెండో మెట్టులో "ఎప్పుడూ తొలగించవద్దు" అని పెట్టిన గడువును ఆ తర్వాతే మళ్ళీ 6 గంటలకు మార్చండి.